బెళ్లందూరు చెరువులో దిగిన విమానాలు

బొమ్మసంద్రకు ఉత్తరాన ఉన్న బెళ్లందూరు చెరువు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు దిగే తావు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ భాగస్వామ్యంతో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థను స్థాపించినది విమానాల తయారీకే. యుద్ధం ఆ సంకల్పాన్ని దారి మళ్లించింది. 1943లో కర్మాగారం అమెరికా సైనిక వైమానిక దళం నిర్వహణలోకి వెళ్లి, మరమ్మతులకు కేంద్రమైంది. నీటిపై దిగే కాటలీనా విమానాలను ఈ చెరువులో దింపి, అక్కడినుండి కర్మాగారానికి తరలించేవారు.

స్వాతంత్ర్యానంతరం తయారీ మళ్లీ ఊపందుకుంది. 1951లో హెచ్.టి.-2 శిక్షణ విమానం, 1961లో జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ రూపకల్పన చేసిన మారుత్ యుద్ధవిమానం ఎగిరాయి. మారుత్‌ను నేడు హెచ్.ఎ.ఎల్. వారసత్వ కేంద్రంలో దగ్గరగా చూడవచ్చు. ధ్వనివేగాన్ని మించాలని రూపొందించిన ఆ విమానానికి తగిన ఇంజను మాత్రం కడవరకు దొరకలేదు.