యాలకులు పండే మాయా దేశం: గ్వాటెమాల

ఢిల్లీలోని మునిర్కాలో గది తీసుకుని సివిల్స్‌కు చదివే మన పిల్లలు మధ్య అమెరికా పటాన్ని హడావుడిగా తిప్పేస్తారు. గ్వాటెమాల దగ్గర మాత్రం ఆగండి.

మెక్సికో, బెలీజ్, హోండురస్, ఎల్ సాల్వడార్ సరిహద్దు దేశాలు. తజుముల్కో అగ్నిపర్వతం (4,220 మీటర్లు) మధ్య అమెరికాలో ఎత్తైన శిఖరం. కరెన్సీ కెట్సాల్; జాతీయ పక్షి పేరూ అదే.

పెటెన్ అడవిలోని టికాల్‌ను తప్పక చదవాలి. చెట్ల కొమ్మల పైకి రాతి ఆలయాల శిఖరాలు తేలి కనిపించే ఈ మాయా నాగరికత నగరం 1979లో యునెస్కో జాబితాకెక్కింది, అదీ ప్రకృతి, సంస్కృతి రెండు విభాగాల్లోనూ. మన దేశంలో అలాంటి మిశ్రమ వారసత్వ స్థలం కాంచన్‌జంగా (2016) ఒక్కటే. టికాల్ వెళ్లేవారు సాధారణంగా సరస్సు మధ్యలోని ఫ్లోరెస్ పట్టణంలో దిగుతారు. చివరి స్వతంత్ర మాయా రాజ్యం 1697లో స్పెయిన్‌కు లొంగింది ఆ దీవిలోనే.

1773 భూకంపాలు అప్పటి రాజధాని ఆంటిగ్వాను కూల్చడంతో రాజధాని ఇప్పటి గ్వాటెమాల సిటీకి మారింది. స్వాతంత్ర్యం 1821 సెప్టెంబరు 15న వచ్చింది. 1960లో మొదలైన అంతర్యుద్ధం 1996 దాకా సాగింది. చనిపోయినవారిలో అత్యధికులు మాయా ప్రజలే. వారి గొంతుకగా నిలిచిన రిగోబెర్తా మెంచుకు 1992లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

ఇక యాలకులు. పుట్టిల్లు మన పడమటి కనుమలు. 20వ శతాబ్దం తొలినాళ్లలో గ్వాటెమాల చేరిన ఈ పంట ఆల్టా వెరాపాజ్ తేమ కొండల్లో వేళ్లూనుకుంది. స్థానికులు వాడేది చాలా తక్కువ. పంటలో ఎక్కువ భాగం అరబ్ దేశాల కాఫీలోకే వెళ్తుంది.