వ్యాధికిని లెక్క గలదు

వర్తకునికి చిట్టా, ఆవర్జాలు ఎట్టివో వైద్యునికి వ్యాధుల నమోదు అట్టిది. ఒక్క రోగిని చూచి కారణము చెప్పజాలము. వేలమంది వయస్సు, అలవాట్లు వ్రాసి పోల్చినపుడే నిజము తెలియును.

మన చెన్నపట్టణములో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1954లో అడయారున కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిరి. నగరవాసులలో కొత్తగా కనిపించు కేన్సరులను నమోదు చేయు పని అచ్చటనే 1981లో ఆరంభమైనది.

ఈ లెక్కవలన కలుగు మేలునకు మన తెలుగుసీమయే సాక్షి. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచి పీల్చెదరు. దీనిని అడ్డపొగ యందురు. పరిశోధకులు ఇల్లిల్లు తిరిగి నోళ్లు పరీక్షింపగా, ఇతరత్ర అరుదైన అంగిటి కేన్సరు వారిలో హెచ్చుగా కనబడెను. వేడియు పొగయు తగిలిన చోటనే పుండు!

మన ఇండ్లలో మద్యమాంసములు లేవు గనుక భయము లేదనుకొందుము. మరి భోజనానంతరము వక్క, జర్దా మాటయేమి? పొగాకు కలియకున్నను వక్క కేన్సరు కారకమేయని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన గ్రంథమున తేల్చినది. నేను ముప్పదియేండ్లు వక్క నమలితిని. నోరు బిగిసి, ముద్ద పెట్టుకొనుటయే కష్టమైన పిమ్మట గాని మానలేదు. మానినను నోరు మునుపటివలె తెరచుకొనలేదు.

సోదరులారా! మానని పుండు, తెల్లమచ్చ, నోరు బిగియుట కనిపించిన వెంటనే వైద్యునికి చూపుడు. పెండ్లి పళ్లెములో వక్కకు బదులు ఏలకులు, సోంపు ఉంచుడు. పిల్లలు మనలను చూచియే నేర్తురు గదా!