బండి ప్రమాదాలు – వెనక కూర్చునే మనం తెలుసుకోవలసినవి



మోటారు సైకిల్‌ని మనం బండి అంటాం. మా తాత వాళ్ళు కావిడి వేసుకుని సంతకి నడిచి వెళ్ళేవారంట. ఇప్పుడు కొండ మీద ఊళ్ళకి కూడా బండి వస్తోంది. జ్వరం వచ్చినా బండే, రేషను బియ్యం తేవాలన్నా బండే, మనల్ని హాస్టల్లో దింపాలన్నా బండే. బండి వద్దు అని చెప్పడానికి ఈ వ్యాసం రాయలేదు. బండి మనకి కావాలి. కానీ దాని మీద వెళ్ళిన మనిషి తిరిగి ఇంటికి రావాలి.

గేరు బండికి 18 ఏళ్ళు నిండితేనే లైసెన్సు ఇస్తారు. మనకి లైసెన్సే లేదు, ఈ పాఠం ఎందుకు అని మీరు అడగవచ్చు. మనం నడపం గానీ వెనక కూర్చుంటాం కదా! 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 74,897 మంది రెండు చక్రాల బండ్ల మీద వెళ్ళినవాళ్ళు. హెల్మెట్ పెట్టుకోకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. వీళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళే. అంటే మనలాంటి వాళ్ళు.

ప్రమాదాలకి కారణాలు

1. వేగం: గంటకి 36 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 10 మీటర్లు. ఎదురుగా ఆవు కనబడి బ్రేకు తొక్కేలోపు ఒక సెకను పోతుంది. అప్పటికే బండి 10 మీటర్లు వెళ్ళిపోతుంది. బ్రేకు ప్రతి సెకనుకీ 5 మీ/సె చొప్పున వేగం తగ్గిస్తుంది అనుకుంటే, ఆగడానికి ఇంకో 10 మీటర్లు కావాలి. మొత్తం 20 మీటర్లు. అదే 72 కిలోమీటర్ల వేగమైతే 20 + 40 = 60 మీటర్లు. వేగం రెండింతలైతే గతిశక్తి నాలుగింతలు అవుతుందని మనం పని–శక్తి పాఠంలో చదివాం. ఘాట్ మలుపులో 60 మీటర్ల అవతల ఏముందో ఎవరికి కనబడుతుంది?

2. ముగ్గురు, నలుగురు ఎక్కడం: బరువు ఎక్కువైతే బండి వెంటనే ఆగదు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ మాట వినదు. నడిపే మనిషి వెనక ఒక్కరే కూర్చోవాలని 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది.

3. తాగి నడపడం: ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయాలి. సంత రోజు సాయంత్రం తాగి బండి తీసేవాళ్ళని అందరం చూస్తున్నాం. తాగిన మనిషికి ఆ ఒక్క సెకను చాలదు. కళ్ళు చూసినా చెయ్యి ఆలస్యంగా కదులుతుంది. అలాంటి బండి మనవాళ్ళదైనా ఎక్కకూడదు.

4. రోడ్డు: చలికాలం పొగమంచు, వానకి జారే మట్టి, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, రాగులు. గింజల మీద చక్రం జారిపోతుంది. ధాన్యం ఆరబోసేది మనమే కాబట్టి ఇది మన చేతిలో ఉన్న పని.

5. చున్నీ, చీర కొంగు: గాలికి ఎగిరి వెనక చక్రంలో చుట్టుకుంటే మనిషి ఒక్కసారిగా కింద పడుతుంది. మెడకి బిగిస్తే ప్రాణం పోతుంది. చక్రం పక్కన ఉండే చీర గార్డు అందుకే పెట్టారు. దాన్ని ఊడదీయకూడదు.

6. కనబడకపోవడం: 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి పగలు కూడా లైటు వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ దండగ అని కొందరు దానికి స్విచ్ వేయిస్తున్నారు. ఆ లైటు మనకి దారి చూపడానికి మాత్రమే కాదు, ఎదురొచ్చే లారీకి మనం కనబడటానికి కూడా.

మెల్లగా వెళ్తే హెల్మెట్ ఎందుకు?

ఈ మాట అన్ని ఊళ్ళలోనూ వింటాం. లెక్క చేసి చూద్దాం. బండి మీద కూర్చున్న మనిషి తల నేల నుంచి దాదాపు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆగి ఉన్న బండి మీద నుంచి పడ్డా, v² = 2gh ప్రకారం 2 × 9.8 × 1.5 = 29.4. దీని వర్గమూలం 5.4. అంటే తల సెకనుకి 5.4 మీటర్ల వేగంతో, గంటకి దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో రాయికి తగులుతుంది. బండి కదలకపోయినా ఇంత!

మా చిన్నాన్న సంత నుంచి మెల్లగానే వస్తున్నాడు. కుక్క అడ్డం వచ్చింది. హెల్మెట్ ఉంది, కానీ హ్యాండిల్‌కి తగిలించి ఉంది. పోలీసులు కనబడితే పెట్టుకుందామని. ప్రాణం దక్కింది. ఇప్పుడు మాట తడబడుతుంది, నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. విత్తనాలు జల్లడం తెలుసు గానీ ఏ చేలో జల్లాలో పిన్ని చూపించాలి.

హెల్మెట్ ఎలా కాపాడుతుంది?

రాతి మీద దూకితే కాలు విరుగుతుంది, గడ్డివాము మీద దూకితే విరగదు. గడ్డి అణిగి మనల్ని మెల్లగా ఆపుతుంది. హెల్మెట్ లోపల ఉండే థర్మాకోల్ పొర కూడా అంతే. అది నలిగి తలని కాపాడుతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ మళ్ళీ పనికిరాదు. బెల్టు పెట్టుకోకపోతే హెల్మెట్ ముందే ఎగిరిపోతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనాలి.

ఈ సంగతి మొదట పట్టించుకున్న వాళ్ళలో ఇంగ్లండులో పనిచేసిన ఒక డాక్టరు ఉన్నారు. 1935లో లారెన్స్ అనే పేరున్న సైనికుడు బండి మీద నుంచి పడి ఆరు రోజులకి చనిపోయాడు. అతన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. తరువాత ఆయన బండి మీద నుంచి పడి తలకి దెబ్బలు తగిలిన సైనికుల గురించి పరిశీలించి, హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని 1941లో రాశారు. ఇప్పుడు మన చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ, నడిపినా వెనక కూర్చున్నా, హెల్మెట్ పెట్టుకోవాలి.

ఎవరైనా పడితే

108కి ఫోను చేయాలి. సిగ్నల్ లేకపోతే ఒకరు అక్కడే ఉండి, ఇంకొకరు సిగ్నల్ ఉన్న చోటికి వెళ్ళాలి. స్పృహ లేని మనిషికి నీళ్ళు పోయకూడదు. హెల్మెట్‌ని లాగి తీయకూడదు, మెడకి ప్రమాదం. సాయం చేసినవాళ్ళని కేసుల్లో ఇబ్బంది పెట్టకూడదని 2019లో చట్టం చేశారు. కాబట్టి భయపడి వెళ్ళిపోవద్దు.

ఒక మనవి

దసరా సెలవులు వస్తున్నాయి. మనల్ని తీసుకెళ్ళడానికి నాన్నలు, అన్నలు బండ్ల మీద వస్తారు. ఒకే బండి మీద నాన్న, అక్క, చెల్లి, ట్రంకు పెట్టె, దుప్పటి! పోయిన సెలవులకి మన గేటు దగ్గర నేను చూసిన బండ్లలో వెనక కూర్చున్న ఒక్కరి తల మీదా హెల్మెట్ లేదు. మేడమ్ గారూ, పెట్టెలు ఇక్కడే ఉంచి చిన్న సంచితో వెళ్ళనివ్వండి. ఇద్దరు అక్కచెల్లెళ్ళుంటే ఒకరిని బస్సులో పంపమని ఇంటివాళ్ళకి చెప్పండి.

స్నేహితులారా, ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు పిండివంటలతో పాటు ఇంకో హెల్మెట్ కూడా తెమ్మని చెప్పండి. డబ్బులు దండగని నాన్న తిడితే తిట్టనివ్వండి. పడితే ఆసుపత్రికి పోసే డబ్బులు దానికి ఎన్నో రెట్లు ఉంటాయని మెల్లగా చెప్పండి. మన మాట నాన్నలు వింటారు.

– 9వ తరగతి విద్యార్థిని