సెల్‌ఫోనులో సేద్యపు సమాచారమును కూర్చుకొనుట

మొక్కజొన్నను తినెడి కత్తెర పురుగును గూర్చి యూట్యూబులో వెదకినచో లెక్కకు మిక్కిలిగా వీడియోలు కనబడును. ఈ పురుగు మన దేశమున మొదట కనబడినది 2018లో. అంతకు ముందు ఇక్కడ తీసిన వీడియోలు దీనికి పనికిరావు. 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసిన ఎండోసల్ఫానును చల్లుమని చెప్పు పాత వీడియో ఎదురైనను ఆశ్చర్యపడ నక్కరలేదు. కావున తేదీ, చెప్పినవారి సంస్థ చూచిన పిదపనే దాచుకొనవలెను.

వీడియో క్రింద 'సేవ్' నొక్కి, పంటకొకటి చొప్పున ప్లేలిస్టులో చేర్చవలెను. పురుగు తలపై తలక్రిందులైన ఇంగ్లీషు 'వై' గుర్తును, తోక దగ్గర చదరముగా నున్న నాలుగు నల్లచుక్కలను చూపని వీడియోను విడిచిపెట్టుట మేలు. పురుగునే గుర్తింపనివారు మందెట్లు చెప్పగలరు?

జాబితా 'ప్రైవేట్'గా నున్నచో ఇతరులకు తెరచుకొనదు. 'అన్‌లిస్టెడ్'గా మార్చి, దాని లింకును వాట్సాప్ గ్రూపునకు పంపవలెను. వీడియోను ముక్కగా కోసి పంపరాదు. అట్టి ముక్క చేతులు మారినకొలది తేదీయు, మూలమును పోవును. చెప్పిన మోతాదు లీటరు నీటికో, ఎకరాకో తెలియక పైరు మాడును, లేదా పురుగు చావదు. లింకు నొక్కినవారు మూలమునకే పోవుదురు.

విత్తుటకు ముందు ప్రతి ఏడును జాబితాను చూచి, కాలము చెల్లినవి తీసివేయవలెను. మందు కొనుటకు ముందు ఆ వీడియోను వ్యవసాయాధికారికి చూపవలెను.