గృహహింస నుండి విముక్తి – ఒక మానవ హక్కు

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినదని మన భాషలో ఒక సామెత కలదు. దెబ్బలు తినుట సహజమనియు, అది పరుల కంటబడుటయే అవమానమనియు ఈ సామెత చెప్పకయే చెప్పుచున్నది. ఇంటిగుట్టుగా భావింపబడిన ఈ విషయము మానవ హక్కుల పరిధిలోనికి ఎట్లు వచ్చినదో, దానివలన ఒరిగిన ప్రయోజనమేమో పరిశీలింతము.

1948లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన ప్రతి వ్యక్తికి జీవించు హక్కు, స్వేచ్ఛ, భద్రత కలవని చాటినది. అందలి మొదటి అధికరణములో ‘పురుషులందరు’ అను అర్థమిచ్చు మాటకు బదులు ‘మానవులందరు’ అను మాట ఉండవలెనని పట్టుబట్టి సాధించిన వారు భారత ప్రతినిధి హంసా మెహతా. అయినను చాలకాలము హక్కుల చర్చ ప్రభుత్వము పౌరులపై జరుపు దౌర్జన్యమునకే పరిమితమైనది. భర్త చేయు హింస కుటుంబ వ్యవహారముగనే మిగిలినది. 1993 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన స్త్రీలపై హింసా నిర్మూలన ప్రకటన ఈ గోడను తొలగించినది. హింసించినది ప్రభుత్వోద్యోగియైనను, ఇంటిలోని వ్యక్తియైనను, దానిని నివారించుట, విచారించుట, శిక్షించుట రాజ్యము యొక్క బాధ్యతయని అది పేర్కొన్నది.

ఈ బాధ్యత ఎంత ముఖ్యమో అమెరికాలో జరిగిన ఒక విషాదము తెలుపుచున్నది. కొలరాడో రాష్ట్రములోని కాజిల్ రాక్ పట్టణములో జెసికా గొంజాలెస్ అను స్త్రీ తన భర్తపై న్యాయస్థానము నుండి రక్షణ ఉత్తరువు పొందినది. 1999 జూన్ 22న అతడు వారి ముగ్గురు కుమార్తెలను తీసికొనిపోయెను. ఆమె పోలీసులకు పలుమార్లు ఫోను చేసి, అర్ధరాత్రి దాటిన పిమ్మట స్వయముగా ఠాణాకు వెళ్లినది. వేచియుండుమను మాటయే తప్ప ఆమెకు సహాయము లభింపలేదు. తెల్లవారుజామున అతడు ఠాణాపై కాల్పులు జరిపి, పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ బాలికలు అతని వాహనములో విగతజీవులై కనబడిరి.

ఆ ఉత్తరువును పోలీసులు అమలుపరచితీరవలెనని కోరు రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని 2005లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యతతో తీర్పు చెప్పినది. కాగితముపై రక్షణ ఉన్నది. దానిని అడుగు హక్కు లేదు! ఆమె అమెరికా ఖండముల మానవ హక్కుల కమిషన్‌ను ఆశ్రయించినది. ఆమెను, ఆమె బిడ్డలను కాపాడుటలో రాజ్యము విఫలమై వారి హక్కులను ఉల్లంఘించినదని 2011లో కమిషన్ నిర్ణయించినది. అదే సంవత్సరము అక్టోబరులో సిన్సినాటి నగరసభ గృహహింస నుండి విముక్తి మానవ హక్కు అని తీర్మానించగా, మరికొన్ని నగరములు ఆ దారి పట్టినవి. ఇట్టి తీర్మానము శాసనము కాదు, నిజమే. కాని దయగా అడుగుకొన్నదానిని నిరాకరింపవచ్చును. హక్కుగా అడిగినదానిని నిరాకరించినవాడు సంజాయిషీ చెప్పుకొనవలెను. హక్కు అను మాటకు గల బలము ఇదియేయని మా అభిప్రాయము.

మన దేశములో 2005 నాటి గృహహింస నుండి మహిళల రక్షణ చట్టము 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చినది. ఏ మతమునకు చెందిన స్త్రీయైనను దీని నాశ్రయింపవచ్చును. శారీరక హింసయే గాక మానసిక, లైంగిక, ఆర్థిక హింసలు కూడ ఇందులో చేరినవి. భార్యయే కాదు, ఒకే ఇంట నివసించు తల్లి, సోదరి కూడ రక్షణ కోరవచ్చును. ఇల్లు ఎవరి పేర నున్నను అందు నివసించు హక్కు ఆమెకు కలదు. రక్షణ ఉత్తరువును ఉల్లంఘించినవానికి ఒక సంవత్సరము వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

ఈ చట్టములోని నాల్గవ సెక్షను విద్యార్థులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ఏ వ్యక్తియైనను రక్షణాధికారికి తెలుపవచ్చును; సద్భావముతో తెలిపినవారిపై ఎట్టి బాధ్యతయు ఉండదు. పొరుగింటి నుండి ఏడుపు వినబడినప్పుడు అది వారి సొంత వ్యవహారమని తలుపు మూసికొనుటకు చట్టము మనకు సాకు మిగుల్చలేదు. ఆ తోడికోడలు నవ్వుటకు బదులు సాక్ష్యము చెప్పిననాడు మన సామెతయు మారగలదు.