సందేహాలు – సమాధానాలు: మీ అరగంట ఎక్కడుంది?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. పొద్దున్నే వంట ముగించి జీడి పరిశ్రమకు వెళ్తాను. రోజంతా కూర్చుని పప్పు మీద పొర తీసే పని. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. మందుల షాపులో నొప్పుల బిళ్ళ తెచ్చి వేసుకుంటే గానీ రాత్రి పని సాగదు. ఆస్పత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఏం చేయాలి?
– ఒక సోదరి, పలాస

జవాబు: ముందు ఆ బిళ్ళ ఆపండమ్మా. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి తరచూ వేసుకుంటే కిడ్నీలకు అందే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీరు తక్కువగా ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. మీది ఉద్దానం పక్క. అక్కడ షుగరు, బీపీ లేనివాళ్ళకూ కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అలాంటి చోట, తెలిసిన ముప్పునైనా తప్పించుకోవాలి కదా! కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షల్లోనే బయటపడుతుంది. ఒక రోజు కూలి పోయినా ఈ రెండూ చేయించుకోండి. నడుము సంగతి కూడా అప్పుడే డాక్టరుకు చెప్పండి.

పనిచోట అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు అటూ ఇటూ నడవండి. మీరొక్కరే లేస్తే మేస్త్రీ కసురుకోవచ్చు. వరసలో కూర్చున్నవాళ్ళంతా కలిసి అడిగితే కాదనడం కష్టం. మరుగుదొడ్డికి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు మానేయకండి. నొప్పి కాల్లోకి పాకినా, కాలు తిమ్మిరెక్కినా ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: నేను టీచర్ని. రోజూ బస్సులో పల్లెటూరి బడికి వెళ్ళొస్తాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు. మావారు మంచివారే, అడిగితే సాయం చేస్తారు. అయినా నేను పడుకునేసరికి పదకొండు దాటుతోంది, ఐదింటికే లేవాలి. నాలుగింటికి లేచి నడవమంటున్నారు స్నేహితురాళ్ళు. లేవనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: వద్దు. ఉన్న నిద్రే చాలడం లేదు మీకు. పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటలు కావాలి. నడకకు సమయం ఇంటిపనిలోంచి తీయాలి. 2024 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఇంటిపని చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. మీ అరగంట ఆ తేడాలోనే ఉంది.

"అడిగితే సాయం చేస్తారు" అన్నారు. అడగడం, గుర్తుచేయడం, ఎలాగో చెప్పడం – అవన్నీ మళ్ళీ మీ నెత్తినే. ఒక పని పూర్తిగా ఆయనకే వదిలేయండి. రాత్రి భోజనాలయ్యాక వంటిల్లు ఆయనది: గిన్నెలు, గట్టు, మర్నాటికి కూరలున్నాయో లేదో చూడడం కూడా. మొదట్లో గిన్నెలకు జిడ్డు మిగులుతుంది. మీరు మళ్ళీ తోమారంటే ఆ పని తిరిగి మీదే అవుతుంది. అత్తగారు నొచ్చుకుంటే, నచ్చజెప్పాల్సింది ఆవిడ కొడుకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక. అంటే ఐదు రోజులు, అరగంట చొప్పున. సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద నడవండి. తొలేళ్ళు, సిరిమాను పండగలకు చుట్టాలు దిగిన వారం ఎలాగూ కుదరదు. పై వారం మళ్ళీ మొదలుపెడితే సరి.

ప్రశ్న: మా ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ప్రతిసారీ నేనే తీసుకెళ్తాను. నిద్ర పట్టదు, తిండి సయించదు. మరిది ఊళ్ళోనే ఉన్నాడు, అడగడానికి మొహమాటం. నా గురించి ఆలోచించుకోవడం స్వార్థమేమో!
– ఒక గృహిణి, సోంపేట

జవాబు: మీరు మంచం పడితే ఆయన్ని తీసుకెళ్ళేదెవరమ్మా? సుమారు నాలుగు గంటలు ఆయన మిషన్ మీద ఉంటారు, సిబ్బంది కనిపెట్టుకుని ఉంటారు. ఆ వేళ చోడి అంబలో, అన్నమో తెచ్చుకుని కడుపునిండా తినండి, ఓ కునుకు తీయండి. నీళ్ళు కొలిచి తాగమన్నది ఆయన్ని. ఆయన ముందు తాగలేక మీరు ఎండిపోవద్దు. మీరుండేదీ ఉద్దానంలోనే కనుక మీ క్రియాటినిన్ కూడా చూపించుకోండి.

నిద్రలేమి, దిగులు రెండు వారాలు దాటితే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మరిదిని మాత్రం "వీలైతే రా" అనకండి. "శుక్రవారం వంతు నీది" అని ఈ వారమే చెప్పేయండి.