జబ్బు చేసిందని రిజైన్ పెట్టకండి

పాశమైలారంలోనో, బొల్లారంలోనో, గడ్డపోతారంలోనో పనిచేసే మనిషికి పెద్ద జబ్బు బయటపడితే, ఇంట్లోవాళ్ల తర్వాత ఆ సంగతి ముందుగా చేరేది సూపర్‌వైజర్‌కో, లేబర్ కాంట్రాక్టర్‌కో. అప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "రిజైన్ రాసిచ్చెయ్ అన్నా, తగ్గినంక మళ్ల తీసుకుంటం." చెప్పేవాడు మంచి మనసుతోనే చెప్పొచ్చు. అయినా సరే, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. కనీసం ఈ వ్యాసం చదవడం పూర్తయ్యేదాకా పెట్టకండి. జబ్బుతో పనికి పోలేని రోజుల్లో మీకు రావలసిన డబ్బులో చాలా భాగం, మీ పేరు ఇంకా కంపెనీ రిజిస్టర్‌లో ఉందా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

నెలకు 21 వేల రూపాయలు, అంతకు లోపు జీతం ఉన్న ఫ్యాక్టరీ కార్మికుడు ఈఎస్‌ఐ కిందికి వస్తాడు. వికలాంగులకైతే ఈ పరిమితి 25 వేలు. 2019 జూలై నుంచి కార్మికుడి చందా జీతంలో 0.75 శాతం, యజమాని చందా 3.25 శాతం. 15 వేల జీతగాడికి నెలకు కోత దాదాపు 113 రూపాయలు, కంపెనీ కట్టేది 488. సగటు రోజు కూలి 176 రూపాయలు దాటనివాళ్లకు తమ వాటా అసలు ఉండదు, యజమాని మాత్రం తన వాటా కట్టాల్సిందే. చాలామంది ఈ కోతను మందుల కోసమే అనుకుంటారు. దవాఖానలో వరుసలో నిలబడి బిళ్లలు తెచ్చుకుంటారు, అంతటితో ఊరుకుంటారు. కానీ ఈఎస్‌ఐలో వైద్యం ఒక సగం మాత్రమే. పని ఆగిన రోజులకు ఇంటికి వచ్చే డబ్బు రెండో సగం. మన పారిశ్రామిక వాడల్లో ఎక్కువమంది వదులుకుంటున్నది ఈ రెండో సగాన్నే.

2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం అందులో కలిసింది. చట్టం పేరు మారిందని కంగారు పడొద్దు, పథకం నడుస్తూనే ఉంది.

లెక్క ఒకసారి చూద్దాం. మామూలు జబ్బుకు సిక్‌నెస్ బెనిఫిట్ కింద సగటు రోజు జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదిలో 91 రోజుల దాకా. మీ సగటు రోజు జీతం 500 అనుకుంటే రోజుకు 350, నెలకు 10,500 వస్తాయి. ఈ డబ్బు రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. ఏ ఆరు నెలలు అన్నచోటే మనవాళ్లు తికమకపడతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు పడిన చందా, వచ్చే జనవరి నుంచి జూన్ వరకు అర్హతనిస్తుంది. అక్టోబర్ నుంచి మార్చి వరకు పడినది జూలై నుంచి డిసెంబర్ వరకు పనికొస్తుంది. అంటే ఫిబ్రవరిలో మంచాన పడితే చూసేది జనవరి జీతాన్ని కాదు, నిరుడు ఎండాకాలంలో, వానాకాలంలో మీరు చేసిన డ్యూటీలను. కొత్తగా చేరినవాళ్లకు మొదటి లబ్ధి కాలం మొదలవడానికి తొమ్మిది నెలలు పడుతుంది. జబ్బుపడ్డ మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. అయితే పదిహేను రోజుల్లోపే జబ్బు మళ్లీ తిరగబెడితే ఆ రెండు రోజుల కోత ఉండదు.

పెద్ద జబ్బుకు 91 రోజులు ఏ మూలకూ చాలవు. క్షయ, క్యాన్సర్, పక్షవాతం, మూత్రపిండాలు చెడిపోవడం, గుండెపోటు, గుండె ఆపరేషన్, స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బులు, నడుములో డిస్క్ జారడం, కాలిన గాయాలు ముదరడం, ఇలా 34 జబ్బుల జాబితా ఒకటి ఈఎస్‌ఐ దగ్గర ఉంది. కొన్ని జబ్బులకు అవి ఎంత ముదిరాయన్న షరతు కూడా ఉంటుంది. అవి వచ్చినవాళ్లకు 91 రోజులు అయిపోయాక ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ మొదలవుతుంది. ఇది జీతంలో 80 శాతం. ముందు 124 రోజులు, అవసరమైతే 309 రోజుల దాకా, మెడికల్ బోర్డు సరేనంటే మొత్తం రెండేళ్ల దాకా ఇస్తారు. పై లెక్కలో ఇది నెలకు 12 వేలు. దీనికి రెండు షరతులు: జబ్బు మొదలయ్యేనాటికి రెండేళ్లు ఎడతెగకుండా ఉద్యోగంలో ఉండాలి, అంతకు ముందరి నాలుగు చందా కాలాల్లో కలిపి 156 రోజుల చందా పడి ఉండాలి.

ఆ "ఎడతెగకుండా" అన్న మాట దగ్గరే కాంట్రాక్టు కార్మికుడు దెబ్బతింటాడు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త ఈఎస్‌ఐ నంబర్ (ఐపీ నంబర్) తీస్తే, అదే గేటులోంచి నాలుగేళ్లుగా లోపలికి పోతున్న మనిషి కూడా కాగితం మీద ఆరు నెలల కార్మికుడే అవుతాడు. ఈఎస్‌ఐ నంబర్ జీవితాంతం ఒకటే ఉండాలి. కొత్త కాంట్రాక్టర్ దగ్గర చేరిన రోజే పాత నంబర్ చెప్పండి, రాసి కూడా ఇవ్వండి. ఇప్పటికే రెండు నంబర్లు ఉంటే, ఒంట్లో బాగున్నప్పుడే బ్రాంచ్ ఆఫీసుకు పోయి కలిపించుకోండి. కాంట్రాక్టర్ చందా ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టాల్సిందే, అది దాని బాధ్యత. జీతంలో కోసి ఈఎస్‌ఐకి కట్టకపోవడం యజమాని తప్పు. దానివల్ల మీ హక్కు పోదు. కానీ కోసినట్టు చూపించడానికి మీ దగ్గర పే స్లిప్ ఉండాలి. స్లిప్ ఇవ్వని చోట, బ్యాంకులో జీతం పడిన మెసేజ్‌లు, గేట్ పాస్, హాజరు కార్డు ఫొటోలు తీసి ఫోన్‌లో దాచుకోండి.

ఇంతకన్నా ఎక్కువమందికి నష్టం చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. ఛాతీ నొప్పి వస్తుంది. దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రిలో చేరతారు, అప్పు తెచ్చి బిల్లు కడతారు, నెలన్నర ఇంట్లో పడుకుంటారు, లేచాక ఈఎస్‌ఐ గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో సర్టిఫికెట్ ఉండదు. సిక్‌నెస్ డబ్బుకు మూలం ఈఎస్‌ఐ డాక్టర్ రాసే సర్టిఫికెట్. అది లేకపోతే మీరు జబ్బుపడ్డ మనిషి కాదు, డ్యూటీకి రాని మనిషి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏది దగ్గరైతే ఆ ఆస్పత్రికే పోవాలి, అందులో సందేహం లేదు. కానీ అదే రోజో మర్నాడో ఇంట్లోవాళ్లు ఎవరైనా మీ ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి గానీ, రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆస్పత్రికి గానీ పోయి విషయం చెప్పాలి, ప్రైవేటు ఆస్పత్రి కాగితాలు చూపించాలి. మొదటి సర్టిఫికెట్ తర్వాత మధ్యమధ్య పొడిగింపు సర్టిఫికెట్లు, చివర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటాయి. జబ్బు దీర్ఘకాలం సాగేదైతే వారం వారం తిరగనక్కర లేకుండా నాలుగు వారాలకొక సర్టిఫికెట్ ఇచ్చే వీలుంది. మంచం దిగలేని రోగి ఉన్నప్పుడు ఈ మాట డాక్టర్‌ని అడగండి. ప్రతి సర్టిఫికెట్‌కూ జిరాక్స్ తీసి ఒకటి ఇంట్లో పెట్టుకోండి, ఒకటి కంపెనీకి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలోకే వస్తుంది కాబట్టి ఆధార్‌లో, ఈఎస్‌ఐలో, పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఇంటి పేరు ముందుకీ వెనక్కీ మారినా పని ఆగిపోతుంది.

ఒకే రోజుకు జీతమూ, ఈఎస్‌ఐ డబ్బూ రెండూ తీసుకోకూడదు. జబ్బు సర్టిఫికెట్ మీద ఉండగా ఇంకోచోట కూలికి పోకూడదు. ఇల్లు గడవక పోయినా సరే, అది బయటపడితే అసలుకే మోసం.

సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న రోజుల్లో, లేదా జబ్బుకు చికిత్స తీసుకుంటూ సర్టిఫికెట్‌తో సెలవులో ఉన్న రోజుల్లో, యజమాని మిమ్మల్ని తీసేయకూడదు, శిక్షించకూడదు. ఇది 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం నుంచీ ఉన్న రక్షణే. నెలల తరబడి సాగే జబ్బుల్లో దీనికి హద్దులు ఉన్నాయి, అది నిజం. కానీ జబ్బు బయటపడ్డ వారంలోనే గేటు బయట పెట్టే అధికారం ఎవరికీ లేదు. అందుకే రిజైన్ అడుగుతారు. తీసేస్తే అడిగేవాళ్లుంటారు, మీరే పోతే అడిగేవాళ్లుండరు.

పని మానక తప్పని పరిస్థితే వచ్చిందనుకోండి. అప్పుడు కూడా "సొంత కారణాలు" అని రాయకండి. ఏ జబ్బువల్ల, ఏ అశక్తతవల్ల పని చేయలేకపోతున్నారో రాయండి, డాక్టర్ కాగితం జత చేయండి. మామూలుగా గ్రాట్యుటీకి ఐదేళ్ల సర్వీసు ఉండాలి. మరణం వల్లగానీ, అశక్తత వల్లగానీ ఉద్యోగం ముగిస్తే ఆ ఐదేళ్ల నిబంధన వర్తించదు. రెండు మాటల తేడాతో వేల రూపాయలు చేజారిపోతాయి.

పీఎఫ్ సంగతి. జబ్బు కోసం పీఎఫ్ నుంచి కూడా డబ్బు తీసుకోవచ్చు. యూఏఎన్ నంబర్‌తో ఆన్‌లైన్‌లో ఫారం 31 వేయొచ్చు. ఈ వాడల కోసం పటాన్‌చెరులోనే పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి సర్వీసులో ఉండగానే వస్తే, కనీసం ఒక నెల చందా పడ్డవాళ్లకైనా 1995 పెన్షన్ పథకంలో వికలాంగ పెన్షన్ ఉంటుంది, వయసుతో పని లేదు. కనీస పెన్షన్ వెయ్యి రూపాయలే. చాలదు, కానీ ప్రతి నెలా వచ్చేది. జరగకూడనిది జరిగితే కుటుంబానికి ఈడీఎల్‌ఐ బీమా కింద 7 లక్షల దాకా వస్తుంది. రిజిస్టర్‌లో పేరు ఉండటం ఇక్కడ కూడా ముఖ్యమే. నామినీ పేరు ఎక్కించారా? పెళ్లికి ముందు అమ్మ పేరు పెట్టి అలాగే వదిలేసినవాళ్లు ఎందరో ఉన్నారు.

జబ్బు పనివల్ల వచ్చిందా అన్న ప్రశ్న కూడా వేసుకోండి, మన ప్రాంతంలో మరీ ముఖ్యంగా. బల్క్ డ్రగ్ యూనిట్లలో సాల్వెంట్లు, పౌడర్లు, యాసిడ్ ఆవిర్లు పీల్చే పని. చర్మం ఊడినా, ఊపిరి ఆడకపోయినా అది వృత్తి సంబంధ వ్యాధి కావచ్చు. డాక్టర్‌కి జబ్బు లక్షణాలతోపాటు మీరు ఏ సెక్షన్లో, ఏ రసాయనంతో, ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో చెప్పండి, చీటీలో రాయించండి. ఉద్యోగ గాయంగా గుర్తిస్తే డబ్బు జీతంలో 90 శాతానికి పెరుగుతుంది, పని చేయలేనన్ని రోజులూ వస్తుంది, ప్రమాదంలో గాయమైతే 78 రోజుల షరతు కూడా ఉండదు. 2010లో చట్టం మార్చాక, పనికి పోతూ వస్తూ దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా, పనితో దానికి సంబంధం తేలితే, ఉద్యోగ గాయంగానే చూస్తారు. ముంబయి హైవే మీద నైట్ షిఫ్టుకు బైక్ మీద పోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఎంత చిన్న దెబ్బయినా ఆ రోజే ప్రమాదాల పుస్తకంలో రాయించండి. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమ పేలుడులో యాభై మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది దూరపు రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. అలాంటి వేళ కుటుంబం చేతిలో ఈఎస్‌ఐ నంబర్, పీఎఫ్ నంబర్ ఉండాలి. మీ నంబర్లు మీ ఫోన్‌లో ఒక్కదాంట్లోనే ఉంటే చాలదు, ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.

జీతం 21 వేలు దాటినవాళ్లు ఆ రోజే ఈఎస్‌ఐ పోయిందనుకుంటారు. అలా కాదు. మే నెలలో ఇంక్రిమెంట్ వచ్చినా సెప్టెంబర్ ఆఖరుదాకా చందా సాగాలి, దాని మీద లబ్ధి మరుసటి జూన్ దాకా ఉంటుంది. హెచ్‌ఆర్ మధ్యలో ఆపితే అడగండి.

ఈఎస్‌ఐ బయట ఉన్నవాళ్లకు, ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు. నిమ్స్‌లో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో అది పనికొస్తుంది. అయితే అది ఆస్పత్రి ఖర్చుకే, ఇంటి ఖర్చుకు కాదు. క్షయ రోగికి చికిత్స నడిచినన్నాళ్లూ నిక్షయ్ పోషణ్ కింద నెలకు వెయ్యి రూపాయలు వస్తాయి. 2024 నవంబర్ దాకా ఇది 500 ఉండేది. ఈఎస్‌ఐ డబ్బు తీసుకుంటున్నా ఇదీ అడగొచ్చు. జబ్బు వైకల్యంగా మిగిలిపోతే, 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ తీసుకుని వికలాంగుల పెన్షన్‌కు దరఖాస్తు పెట్టండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే నోటిమాటతో వెనక్కి రావద్దు. కారణం రాసిమ్మని అడగండి. ఈఎస్‌ఐ టోల్ ఫ్రీ నంబర్ 1800112526. అక్కడా తేలకపోతే సంగారెడ్డి కోర్టుల ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. పారిశ్రామిక కార్మికుడికి ఉచితంగా లాయర్‌ను పెట్టే బాధ్యత చట్టం ఆ సంస్థ మీద పెట్టింది. ఫోన్ నంబర్ 15100.

ఆరోగ్యంగా ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఒక మనవి. ఈ నెల జీతం పడిన రోజు ఉమంగ్ యాప్‌లో మీ ఈఎస్‌ఐ చందా రోజులు చూసుకోండి. మీరు పనిచేసిన రోజులకన్నా తక్కువ కనిపిస్తే ఆ రోజే హెచ్‌ఆర్‌ని అడగండి. పక్క మెషిన్ మీద పనిచేసే మనిషికి చదవడం రాకపోతే, ఆయన రోజులు కూడా మీరే చూసి చెప్పండి.